తవుడు చౌకేనా? చేపల మేతగా పంట ఉప ఉత్పత్తులు: ఒక సమీక్ష

వంద కిలోల వడ్లు మర పట్టిస్తే అటూ ఇటూగా అరవై అయిదు కిలోల బియ్యం, ఇరవై కిలోల ఊక, ఏడెనిమిది కిలోల తవుడు వస్తాయి. మిగతాది నూకా, తాలూ. బియ్యం నేరుగా మన వంటింటికి వస్తుంది. తవుడు మాత్రం ముందు నూనె మిల్లుకి వెళ్తుంది. అక్కడ నూనె పోగొట్టుకుని లారీ ఎక్కి, కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల్లో పడుతుంది. కొన్ని నెలలకి శీలావతిగానో బొచ్చెగానో మారి, ఐసు పెట్టెల్లో హైదరాబాదు చేరుతుంది. ఆ నగరంలోని చిల్కానగర్‌లో ఆదివారం పూట కిలో చేప కొట్టించుకుని ఇంటికెళ్లే మనిషి, తాను తినే అన్నం మీది పొరనే ఇంకో రూపంలో కూరగా కొంటున్నాడు.

తెలుగు నేల మీద చేపల పెంపకం ఇంతగా విస్తరించడానికి ఈ తవుడే పునాది. దేశంలో పండే చేపల్లో దాదాపు 30 శాతం వాటా ఉన్న ఆంధ్రప్రదేశ్, మంచినీటి చేపల విషయంలో ఆ స్థానానికి చేరింది చేపపొడితోనో, ఖరీదైన గుళికల మేతతోనో కాదు. మిల్లుల్లో మిగిలినవాటితో చేరింది. అందుకే ‘చౌక ఉప ఉత్పత్తులతో చేపలు పెంచవచ్చా?’ అన్న ప్రశ్న మనకి ఎప్పుడో తేలిపోయింది. తేలాల్సినవి వేరే ఉన్నాయి. ఆ చౌక ఎంతవరకు నిజం? ఏ చేపకి నిజం? తవుడుతో సరిపెట్టుకున్నందుకు ఖర్చు ఇంకెక్కడైనా పడుతోందా?

కొల్లేరు నేర్పిన పద్ధతి

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు ఏటి చేపలు. నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. 1957 జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌదురి ఈ జాతి చేపలకి పీయూష గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించాక, పిల్ల కోసం నదుల మీద ఆధారపడాల్సిన అవసరం తగ్గింది. 1970ల్లో మొదలై 1980ల నాటికి కైకలూరు, ఆకివీడు, మండవల్లి, ముదినేపల్లి ప్రాంతాల్లో వరి పొలాలు చేపల చెరువులయ్యాయి. పిల్ల దొరికింది, నీరు ఉంది, మార్కెట్‌గా కలకత్తా ఉంది. మేత సంగతి మాత్రం రైతులే చూసుకోవాల్సి వచ్చింది.

వాళ్లు కనిపెట్టిన ఉపాయం సంచి మేత. ఖాళీ ఎరువుల సంచి అడుగున వరసగా చిల్లులు పెడతారు. తవుడూ చెక్కా కలిపిన పొడిని అందులో నింపి, చెరువులో పాతిన వెదురు కర్రలకో, కట్టిన తాడుకో నీళ్లలో మునిగేలా వేలాడదీస్తారు. పొద్దున్నే చిన్న పడవ మీద మనిషి వెళ్లి సంచులు నింపుతాడు. చేపలు వచ్చి చిల్లులకి మూతి ఆనించి లాగుకుని తింటాయి. రెండు మూడు గంటలయ్యాక మళ్లీ వెళ్లి సంచి ఎత్తి చూస్తే ఆ రోజు చెరువు సంగతంతా తెలిసిపోతుంది. ఖాళీ అయితే ఆకలి బాగుంది. సగం మిగిలితే నీటిలో ప్రాణవాయువు తగ్గిందనో, మబ్బు పట్టిందనో, జబ్బు మొదలైందనో అర్థం. మర్నాడు మేత తగ్గిస్తారు. పొడిని నీటి మీద చల్లితే చాలా భాగం వృథా అవుతుంది. ఆ వృథాని ఆపుతూనే, పైసా ఖర్చు లేకుండా చేపల ఆకలిని కొలిచే సాధనం కూడా ఈ సంచే.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రచురించిన ఒక నివేదిక కోసం ఆంధ్రప్రదేశ్‌లోని 106 మంది చేపల రైతులను అడిగి చూశారు. నూనె తీసిన తవుడు వాడని రైతు వారిలో ఒక్కరూ లేరు. సగం మందికి పైగా వేరుశనగ చెక్క కలిపేవారు, మరికొందరు పత్తి చెక్క కలిపేవారు. గుళికల మేత వాడేది మూడో వంతు మందే, అదీ తవుడుకి తోడుగా. ఎక్కువమంది పాటించేది సంచి మేత పద్ధతే. సరుకు నాణ్యత బాగుండటం లేదన్నది రైతులు గట్టిగా చెప్పిన ఫిర్యాదు. ఆ తర్వాత గుళికల వాడకం పెరిగింది గానీ ఆ ఫిర్యాదు మాత్రం పాతబడలేదు.

ఏ సరుకులో ఏముంది

ముడి తవుడులో 12 నుంచి 14 శాతం ప్రొటీను, 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటాయి. చేపకి అది మంచి మేతే. చిక్కల్లా మర ఆగిన క్షణం నుంచే అందులోని ఎంజైము నూనెని విరగ్గొట్టడం మొదలుపెట్టడంలో ఉంది. ఒకటి రెండు రోజుల్లోనే వాసన మారుతుంది. అందుకే మిల్లులు వెంటనే ద్రావకంతో నూనె తీసేస్తాయి. తీశాక మిగిలిన పొడినే వ్యాపారులు డీఓబీ అంటారు. అది నెలల తరబడి చెడదు, ప్రొటీను శాతం కూడా 15 దాకా పెరుగుతుంది. అయితే చేపకి శక్తినిచ్చే నూనె అందులో ఉండదు. రైతు కొంటున్నది నిలవ ఉండే గుణాన్ని, అందుకు వదులుకుంటున్నది నూనెలోని శక్తిని.

తవుడులో ఉన్న భాస్వరం చాలావరకు ఫైటిక్ ఆమ్లం రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము చేప కడుపులో లేదు. ఆ భాస్వరం చేపకి అందకుండానే నీటిలో కలుస్తుంది. కొంతవరకు అదీ మేలే. నీరు పచ్చబడి, నాచు పెరిగి, దాన్ని తినే సూక్ష్మజీవులు పెరిగి, బొచ్చెకి అదనపు తిండి దొరుకుతుంది. హద్దు దాటితే మాత్రం తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోయి చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

వేరుశనగ చెక్కలో ప్రొటీను 40 నుంచి 45 శాతం. రుచి కూడా చేపకి ఇష్టం. కానీ తడి తగిలిన కాయ నుంచి వచ్చిన చెక్కలో బూజు చేరి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కంటికి కనిపించదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పత్తి చెక్క తెలంగాణకి సహజమైన సరుకు, ఎందుకంటే పత్తి సాగులో ఈ రాష్ట్రం దేశంలో ముందు వరసలో ఉంది. అందులో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. గేదె పొట్టలో అది చాలావరకు నిర్వీర్యమైపోతుంది. చేపకి ఆ సౌకర్యం లేదు. పైగా గాసిపాల్ చెక్కలోని లైసిన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లాన్ని పట్టేసుకుంటుంది. కాబట్టి పత్తి చెక్కని కొద్దిగా, మరో చెక్కతో కలిపి వాడాలే తప్ప దాని మీదే ఆధారపడకూడదు. నువ్వుల చెక్కలో మెథియోనిన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. సోయాలో లైసిన్ బాగానే ఉంటుంది గానీ సరిగా వేడి చేయకపోతే జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు మిగిలిపోతాయి. అందుకే ఏ చెక్కా ఒంటరిగా సరిపోదు, ఒకదాని లోటు ఇంకొకటి తీర్చాలి.

పెరిగే దశలో శీలావతి జాతి చేపలకి మేతలో 25 నుంచి 30 శాతం ప్రొటీను కావాలని పోషణ శాస్త్రం చెప్పే లెక్క. అరవై పాళ్లు డీఓబీ, నలభై పాళ్లు వేరుశనగ చెక్క కలిపితే 26 శాతం దగ్గరికి వస్తుంది. రైతులు మాత్రం ఖర్చు తగ్గించుకోవడానికి ఎనభైకి ఇరవై కలుపుతారు, అప్పుడది 20 శాతమే. అయినా చేప పెరుగుతుంది. లోటుని నీటిలోని ప్రాణులు పూడుస్తాయి. తవుడుతో చేపల పెంపకం అంటే సగం మేత సంచి నుంచి, సగం నీటి నుంచి. ఈ సంగతి మరిచిపోయి తవుడుని పొగిడినా, తిట్టినా అది సగం నిజమే.

అదే కారణంగా చేప జాతిని బట్టి జవాబు మారుతుంది. శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ లాంటివి పిండి పదార్థాన్ని కొంత అరిగించుకోగలవు. తెలంగాణ రాష్ట్ర చేపగా 2016లో ప్రకటించిన కొర్రమీను మాత్రం వేటాడి తినే చేప. దానికి 40 శాతానికి మించిన ప్రొటీను కావాలి, అదీ ఎక్కువగా జంతు సంబంధమైనది. నగర శివార్లలో ప్లాస్టిక్ తొట్లలో కొర్రమీను పెంచాలనుకునేవారికి తవుడు మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పడమే మేలు. తొట్టిలో సహజ ఆహారం ఉండదు, నీరు తవుడు ధూళిని భరించదు.

బస్తా ధర, కిలో చేప ధర

మేత చౌకా ఖరీదా అనేది బస్తా ధర చూసి తేల్చేది కాదు. కిలో చేప పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్కలో తేలుతుంది. దీన్ని రైతులు కూడా ఇప్పుడు ఎఫ్‌సీఆర్ అనే అంటారు. తవుడు మిశ్రమంతో ఈ నిష్పత్తి రెండున్నర నుంచి మూడున్నర దాకా పోతుంది. మంచి గుళికలతో ఒకటిన్నర, ఒకటీ ముప్పావు దగ్గర ఆగుతుంది.

ఊహకి ఒక లెక్క వేద్దాం. మిశ్రమం కిలో 20 రూపాయలు, కిలో చేపకి మూడు కిలోలు పట్టింది: 60 రూపాయలు. గుళికలు కిలో 38 రూపాయలు, కిలో ఆరు వందల గ్రాములు పట్టింది: 61 రూపాయలు. బస్తా ధరలో దాదాపు రెట్టింపు తేడా, చేప మీద రూపాయి తేడా. ఇప్పుడు తవుడులో కాస్త ఊక పొడి కలిసి నిష్పత్తి మూడున్నరకి పోతే ఖర్చు 70. ‘చౌక’ మేతే ఖరీదైంది.

మరి రైతు గుళికలకి మారడేం అన్న ప్రశ్నకి తెలివితక్కువతనం అన్న జవాబు సరిపోదు. తవుడు అప్పు మీద దొరుకుతుంది, పట్టుబడి అయ్యాక డబ్బు ఇవ్వవచ్చు. చేప ధర పడిపోయిన నెలలో మేత తగ్గించి బండి లాగించవచ్చు. గుళికల మీద ఖర్చు పెట్టాక అలా ఆగడం కష్టం. తేలే గుళికల్ని పైకి వచ్చి తినే అలవాటు శీలావతికి చేయాలి, దానికి ఓపిక కావాలి. తిండి మిగిలితే గుళిక నష్టం ఎక్కువ. అంటే రైతు చూసుకుంటున్నది సగటు ఖర్చు ఒక్కటే కాదు, చెడ్డ ఏడాది తట్టుకునే వీలు కూడా.

వియత్నాం మెకాంగ్ డెల్టాలో పంగాసియస్ చేపల రైతులు మొదట తవుడూ చిన్న చేపలూ ఉడికించి ముద్దలు చేసి వేసేవారు. ఎగుమతి పెరిగాక గుళికలకి మారారు, ఎందుకంటే విదేశీ కొనుగోలుదారుకి ఒకే రకం మాంసం, ఒకే రకం రంగు కావాలి. మన శీలావతి వెళ్లేది బెంగాలుకీ, ఈశాన్య రాష్ట్రాలకీ. అక్కడ అడిగేది తాజాదనం, సైజు. మార్కెట్ అడగనంతకాలం తవుడు స్థానం కదలదు.

వ్యర్థం అనే మాట ఎప్పుడో పోయింది

2023 జులైలో కేంద్ర ప్రభుత్వం నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించింది. పశువుల దాణా ఖర్చు పెరిగి పాల ధర పైకి పోవడమే కారణం. ఆ నిషేధాన్ని విడతలవారీగా పొడిగించి, 2025 అక్టోబరులో తీసేశారు. ఒకప్పుడు మిల్లు వెనక కుప్పగా పడి ఉండే సరుకు కోసం ఇప్పుడు గేదె, కోడి, చేప, విదేశీ కొనుగోలుదారు పోటీ పడుతున్నారు. ఎగుమతి ఆగితే చేపల రైతుకి లాభం, నూనె మిల్లుకి నష్టం. మిల్లు తవుడుకి తక్కువ ధర ఇస్తే రైసు మిల్లరుకీ, చివరికి వరి రైతుకీ ఎంతో కొంత తగులుతుంది. ఒకరి చౌక ఇంకొకరి ఆదాయంలో కోత.

ఈ పోటీలోకి కొత్తగా వచ్చింది ఎథనాల్ ఫ్యాక్టరీల గింజ పిప్పి. నూకల నుంచీ మక్కల నుంచీ పిండిపదార్థాన్ని సారాయిగా మార్చాక మిగిలేదాన్ని ఎండబెడితే ప్రొటీను దండిగా ఉన్న సరుకుగా మారుతుంది. మక్కలదైతే 26 నుంచి 30 శాతం, బియ్యపుదైతే 40 శాతం పైన. సోయా కన్నా తక్కువ ధరకి దొరుకుతుంది కాబట్టి దాణా కంపెనీలు ఎగబడ్డాయి. చేపల మేతలో మితంగా కలిపితే పనికొస్తుందన్నది ఇప్పటిదాకా తేలిన విషయం. అయితే గింజలో ఉన్న బూజు విషం పిప్పిలో రెండు మూడు రెట్లు చిక్కబడుతుంది. ఎండబెట్టేటప్పుడు మాడితే ప్రొటీను ఉన్నా అరగదు. తెలంగాణలో దిలావర్‌పూర్, చిత్తనూరు లాంటిచోట్ల ఎథనాల్ ఫ్యాక్టరీల మీద ఊళ్లు తిరగబడ్డాయి. ఆ పిప్పి మీద ఆధారపడే ముందు ఆ గొడవల్నీ లెక్కలో వేసుకోవాలి.

చిల్కానగర్ నుంచి చూస్తే

ఉప్పల్, నాచారం మధ్య ఇరుకైన ఈ పేటల్లో పంట లేదు, పంట ఉప ఉత్పత్తీ లేదు. ఉన్నవి చికెన్ దుకాణాలు, కూరగాయల బళ్లు, మురుగు చేరిన చెరువులు. చౌక మేత అనగానే నగరవాసి చూపు వీటి మీద పడుతుంది. మూడింటినీ విడివిడిగా తూచాలి.

మొదటిది కోడి వ్యర్థాలు. పేగులు, చర్మం, తలలు రాత్రిపూట బళ్లలో సేకరించి ఆంధ్ర వైపు పంగాసియస్, రూప్‌చంద్ చెరువులకీ, నిషేధం ఉన్నా దొంగచాటుగా పెంచే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ చెరువులకీ తరలించడం, దారిలో పోలీసులు పట్టుకోవడం వార్తల్లో తరచూ చూస్తూనే ఉన్నాం. ఇది తవుడుతో సమానమైన చౌక కాదు. కుళ్లిన మాంసం నీటిని పాడుచేస్తుంది, రోగక్రిముల్ని మోస్తుంది, ఆ చేప తినేవారి నమ్మకాన్నీ చెడగొడుతుంది. అదే వ్యర్థాన్ని మూసిన యంత్రాల్లో వేడి చేసి, కొవ్వు తీసి, పొడి చేస్తే నాణ్యమైన ప్రొటీను వస్తుంది. ప్రపంచమంతా చేసేది అదే. పచ్చిగా చెరువులో పోయడం ఒకటి, శుద్ధి చేసి మేతలో కలపడం ఇంకొకటి. మొదటిదాన్ని పట్టుకున్నంత గట్టిగా రెండోదాన్ని ప్రోత్సహించకపోతే దొంగబళ్లు ఆగవు.

రెండోది గుర్రపుడెక్క. నగరపు చెరువుల్లో కుప్పలుగా తీసి పారేసే ఈ మొక్కను పులియబెట్టి గడ్డిచేపకి పెట్టవచ్చని పరిశోధనలున్నాయి. శుభ్రమైన నీటిలో పెరిగినదైతే సరే. మురుగూ ఫ్యాక్టరీ నీళ్లూ చేరే చెరువుల్లో ఇది సీసం, కాడ్మియం లాంటి లోహాల్ని వేళ్లతో పీల్చి దాచుకుంటుంది. నీటిని శుద్ధి చేయడానికి ఆ గుణం ఉపయోగం, మేతకి అదే అనర్హత. ఉప్పల్, నాచారం చెరువుల గుర్రపుడెక్కని చేపకి పెట్టడం మంచిది కాదు.

మూడోది కూరగాయల చెత్త. ఇందులో నీరే ఎక్కువ. చేపకి నేరుగా పెట్టి ప్రయోజనం లేదు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐసీటీ, రూపొందించిన పద్ధతితో బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకి పది టన్నుల కూరగాయల వ్యర్థం నుంచి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీశారు. ఈ వ్యర్థానికి అంతకన్నా మంచి దారి మేతలో దొరకడం కష్టం. ఈగ జాతి పురుగుల్ని దాని మీద పెంచి, ఎండబెట్టి, మేతలో కలిపే పద్ధతి ఒకటుంది. ఆ పురుగు పొడిలో ప్రొటీను 40 శాతం దాకా ఉంటుంది. మాంసాహార చేపలకి అది సరిపడుతుంది గానీ ఇప్పటి ధరల్లో తవుడుతో పోటీ పడదు.

మేత విషయంలో ఈ చుట్టుపక్కల నిజమైన బలం వేరే ఉంది. ఐఐసీటీ తవుడు నూనెలోని జిగురుని ఎంజైముతో తీసే ప్రక్రియని రూపొందించి పరిశ్రమకి ఇచ్చింది. ఆ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. తవుడుని, కొవ్వుని, బూజు విషాల్ని కొలవడం తెలిసిన వాళ్లు ఆటో దూరంలో ఉన్నారు. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు కార్యాలయం కూడా ఈ నగరంలోనే, చేప ఆకారపు భవనంలో ఉంది. చిల్కానగర్ ప్రాంతం చేపల రైతుకి ఇవ్వగలిగింది వ్యర్థం కాదు, పరీక్ష.

తెలంగాణ చెరువులకి ఏది తగును

తెలంగాణలో చిత్రం కోస్తాకి భిన్నం. ఇక్కడ చేప ఎక్కువగా ఊరి చెరువుల్లో, జలాశయాల్లో పెరుగుతుంది. 2016-17 నుంచి ప్రభుత్వం మత్స్యకార సంఘాలకి ఉచితంగా పిల్లను ఇస్తోంది. ఏడాదిలో కొంత కాలమే నీరుండే చెరువులకి 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఎప్పుడూ నీరుండే చోట 80-100 మిల్లీమీటర్ల పిల్ల. ఊరందరి చెరువులో మేత వేయడం అరుదు. పశువులు తాగే నీరు, సాగు నీరు, పైగా మేత ఎవరి ఖర్చు, పంట ఎవరిది అన్న పేచీ.

తవుడు ఇక్కడ పెద్ద చేప కన్నా చిన్న పిల్లకే ఎక్కువ పనికొస్తుంది. తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో కలిపి పిల్లలకి వేయడం దేశమంతా నర్సరీల్లో దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. పిల్ల బరువు తక్కువ కాబట్టి మేత పరిమాణం తక్కువ, కానీ ఫలితం ఎక్కువ. చెరువు అంచున వలతో కట్టిన ఆవరణలో రెండు నెలలు ఈ మిశ్రమంతో పెంచి, వేలెడంత అయ్యాక వదిలితే పెద్ద చేపల నోట పడకుండా బతికేది ఎక్కువ. కోస్తా నుంచి లారీల్లో వచ్చిన పిల్ల సైజు చాలదనీ, ఆలస్యంగా వస్తోందనీ సంఘాలు ఏటా పడే బాధ కూడా తగ్గుతుంది.

సరుకుకి కొదవలేదు. 2024 వానాకాలంలోనే 153 లక్షల టన్నుల వడ్లు పండాయని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. నూటికి ఏడు చొప్పున చూసినా పది లక్షల టన్నుల తవుడు. అందులో వందో వంతు పిల్లల పెంపకానికి మళ్లినా పాలేరు మత్స్య పరిశోధనా కేంద్రం, పెబ్బేరు మత్స్య కళాశాల లాంటి సంస్థలు సంఘాలకి నేర్పడానికి చాలినంత పని ఉంటుంది.

తేలిన లెక్క

వ్యవసాయ ఉప ఉత్పత్తులతో చేపలు పెంచడం సాధ్యం, లాభదాయకం కూడా. అయితే మూడు షరతుల మీద. చేప శాకాహారం అరిగించుకునేదై ఉండాలి. చెరువులో సహజ ఆహారం పెరిగేలా నీటిని చూసుకోవాలి. రెండు మూడు సరుకులు ఒకదాని లోటు ఒకటి తీర్చేలా కలపాలి. ఈ మూడూ కొల్లేటి రైతు అనుభవంతో నేర్చుకున్నాడు. అతని చేతిలో లేనిది నాలుగోది, సరుకు నాణ్యత.

ఆంధ్రప్రదేశ్ 2020లో చేపల మేత నాణ్యతా నియంత్రణ చట్టం తెచ్చి, మేత తయారీదారులకీ అమ్మకందారులకీ లైసెన్సు తప్పనిసరి చేసింది. మంచి అడుగే. కానీ తవుడు మిల్లు నుంచి బ్రోకరు మీదుగా చెరువు గట్టుకి చేరే దారిలో దాన్ని కొలిచేవాడు లేడు. ఊక పొడి కలిస్తే ప్రొటీను పడిపోతుంది, పీచు, ఇసుక శాతం పెరుగుతాయి. గుప్పెడు తవుడు గాజు గ్లాసు నీళ్లలో కలిపి కాసేపు ఉంచితే ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుక్కి దిగుతుంది. అది మోటు పరీక్ష, కానీ గట్టు మీద చేసుకోగలిగినది. కాల్చి, బూడిదని ఆమ్లంలో కరిగించి, కరగని ఇసుకని తూచడం ఏ చిన్న ప్రయోగశాలకైనా సాధ్యమే. అఫ్లటాక్సిన్ పరీక్షకి కొంచెం ఎక్కువ సదుపాయం కావాలి.

ప్రభుత్వాలు గుళికల మేతకి సబ్సిడీ ఇవ్వాలా, తవుడుకి ఇవ్వాలా అన్న చర్చ కన్నా ముందు చేయాల్సింది ఇదే. కైకలూరు, భీమవరం లాంటిచోట్ల, హైదరాబాదులో ఒక చోట, లారీ లోడు నుంచి నమూనా తీసి ఒక రోజులో ప్రొటీను, పీచు, ఇసుక, బూజు విషం చెప్పే ప్రయోగశాలలు పెట్టాలి. ఆ కాగితం చూపితేనే లోడుకి ధర పలికేలా చేయాలి. ఇప్పుడు బస్తా మీద బరువు ఒక్కటే రాస్తున్నారు, రైతు దాన్ని చూసే కొంటున్నాడు. దాని పక్కన ప్రొటీను శాతం కూడా రాయించిన రోజున తవుడు నిజంగా చౌకో కాదో అతను కొనేముందే లెక్క వేసుకోగలడు.